ఉప్పు నేల మీద విన్న వార్త

ఆ ప్రయాణం తలపెట్టింది సైన్సు మాస్టారు. భార్య తొలికాన్పుకని అవనిగడ్డలో పుట్టింటికి వెళ్లడంతో ఆయనకు ఇంట్లో పొద్దుపోయేది కాదు. సాయంత్రమయ్యేసరికి మా ఇంటికొచ్చి కూర్చునేవారు.

"సెలవులిచ్చేశారు కదండీ. గోడలు చూస్తూ ఎన్నాళ్లుంటాం? కలహారి ఎడారి చూసొద్దాం పదండి" అన్నారు ఒకరోజు మా ఆయనతో.

అప్పుడు మేము జాంబియాలో ఉండేవాళ్లం. డెబ్భైల దశకం సగం దాటిన రోజులు. జాంబెజీ నది ఒడ్డున లివింగ్‌స్టన్ అనే ఊళ్లో మా ఆయన లెక్కలు చెప్పేవారు. అదే బడిలో సైన్సు మాస్టారు. నేను ఆసుపత్రిలో నర్సుని. మాస్టారిది బెజవాడ, గవర్నర్‌పేటలో మిల్లు సామాన్ల హోల్‌సేల్ కొట్టు నడిపే ముస్లిం కుటుంబం. మాది ఉయ్యూరు. నాన్న పోయాక నన్ను నర్సింగు చదివించింది మా అన్నయ్యే. ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. బెల్టులూ బోల్టులూ కొనేది కూడా మాస్టారి వాళ్ల కొట్లోనే. పరాయి దేశంలో మేము దగ్గరవడానికి ఆ కాస్త పరిచయం చాలింది.

నాలుగో మనిషి మా ఆసుపత్రిలో మేల్ నర్సు. యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు. అతని సొంతూరు బోట్స్‌వానాలో, ఎడారికి అవతల ఉన్న మౌన్. "ఎటూ ఆ దారినే కదా, నన్ను మా ఇంటి దగ్గర దించండి. మూడేళ్లయింది మా అమ్మను చూసి" అన్నాడు. దారి తెలిసిన మనిషి దొరికాడని మాకూ ధైర్యం వచ్చింది.

శనివారం పొద్దున జీపుని పంటు మీదికెక్కించి జాంబెజీ దాటాం. ఆ శనివారం అంటే ఏమిటో అప్పుడు మాకు తెలియదు. నది మధ్యలో మాస్టారు చేతులు బార్లా చాపి, "అచ్చం మన కృష్ణ దాటుతున్నట్టే ఉందండీ!" అన్నారు. అందరం నవ్వాం.

తర్వాత రోజంతా దారి. మా డెల్టాలో బస్సు కిటికీలోంచి చూస్తే మనిషి లేని చోటు కనపడదు. కాలవగట్టు మీద ఎవరో ఒకరు నడుస్తుంటారు, ఎవరో గేదెను కడుగుతుంటారు. ఇక్కడ గంటల తరబడి వెళ్లినా ఒక్క మనిషి లేడు, ఒక్క కప్పు లేదు. ఎర్రమట్టి రోడ్డు, బూడిదరంగు పొదలు, పైన తెల్లటి ఆకాశం. నాకు మొదట ఆశ్చర్యంగా ఉండింది. మధ్యాహ్నానికి భయం పట్టుకుంది. ఇక్కడ జీపు ఆగిపోతే మనల్ని ఎవరు అడుగుతారు?

రెండోరోజు ఒక బోరు దగ్గర ఆగాం. నీళ్లు నింపుకోవచ్చన్నాడు మేల్ నర్సు. బోరు ఎండిపోయి ఎన్నాళ్లయిందో. దాని చుట్టూ పశువులు చచ్చి పడున్నాయి. చర్మాలు ఎముకలకు అతుక్కుపోయి చెక్కల్లా ఉన్నాయి. వాటి మధ్య ఒక ఆవు ఇంకా నిలబడే ఉంది. మేము దగ్గరికి వెళ్లినా కదల్లేదు, కళ్లు మాత్రం తిప్పింది. మా ఆయన డబ్బాలోంచి నీళ్లు పోయబోతే మేల్ నర్సు చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు సర్. అది ఎలాగూ బతకదు. మన నీళ్లు మనకే చాలవు."

ఆసుపత్రిలో చావులు చూసిన దాన్ని. అయినా అక్కడినుంచి జీపెక్కాక ఆ ఆవు కనుమరుగయ్యేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

నాటా దాటాక పడమటికి తిరిగాం. అక్కడ మొదలవుతుంది ఉప్పు నేల. ఒకప్పుడు అది పెద్ద సరస్సట. ఇప్పుడు కనుచూపు మేర తెల్లగా, చదునుగా, పగుళ్లుపట్టి ఉంది. గడ్డిపరక లేదు, పురుగు లేదు. చప్పుడు లేకపోవడమంటే ఏమిటో అక్కడే తెలిసింది. నా చెవుల్లో నా రక్తం కొట్టుకోవడం నాకే వినపడింది.

"సిస్టర్‌గారూ, నీళ్లు! అదిగోండి!" అని అరిచారు మాస్టారు.

దూరంగా నిజంగానే నీళ్లు తళతళ మెరుస్తున్నాయి. గట్టు కూడా కనపడుతోంది. ఎండమావుల పాఠం పిల్లలకు ఏటా చెప్పే మనిషి, కాలవల మధ్య పెరిగిన మనిషి, అయినా ఆయన ముఖంలో సంశయమే లేదు. మా ఆయన జీపుని అటు తిప్పారు. కొంతదూరం వెళ్లేసరికి పైన ఉప్పు పెచ్చు ఫట్‌మని విరిగి ముందు చక్రాలు సగం దిగబడ్డాయి. పెచ్చు కింద బూడిదరంగు బురద. తవ్వేకొద్దీ మెత్తబడుతోంది. చాపలు వేశాం, దుప్పట్లు వేశాం, నా పాత చీర ఒకటి వేశాం. ఎండకు చేతులు బొబ్బలెక్కాయి. సూర్యుడు వాలుతుంటే జీపు ఒక్క ఊపున బయటపడింది. నలుగురం ఆ తెల్లటి నేల మీద వెల్లకిలా పడుకుని పిచ్చివాళ్లలా నవ్వాం.

మర్నాడు పొద్దున గట్టినేల మీద, ఒక పెద్ద బావోబాబ్ చెట్టు కింద టీ కాస్తున్నాను. మాస్టారు రోజూలాగే ట్రాన్సిస్టరు తిప్పుతున్నారు. గరగరల మధ్య ఇంగ్లీషు వార్తలు దొరికాయి. ముందు ఎక్కడిదో ఎన్నికల సంగతి. తర్వాత, దక్షిణ భారతదేశంలో తుపాను అన్నాడు. ఆంధ్ర తీరం అన్నాడు. శనివారం సముద్రం తాటిచెట్టంత ఎత్తున లేచి ఊళ్ల మీద పడిందట. వేలమంది పోయారట. కృష్ణా నది సముద్రంలో కలిసే చోటని రెండుసార్లు చెప్పాడు. మా ఊళ్ల పేర్లు అతని నోట్లో గుర్తుపట్టలేనట్టు నలిగిపోయాయి. నది పేరు మాత్రం తెలిసింది.

కృష్ణ సముద్రంలో కలిసే చోటంటే దివిసీమ. అవనిగడ్డ దివిసీమలోనే ఉంది.

మాస్టారు ట్రాన్సిస్టరు ఆపలేదు. వార్తలయ్యాయి, ఏదో సంగీతం మొదలైంది. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నారు. మా ఆయన భుజం మీద చెయ్యి వేస్తే తల ఎత్తి, "ఉప్పెన అన్నాడా అండీ? నాకు సరిగా వినపడలేదు" అన్నారు. వినపడిందని మాకు తెలుసు. టీ పొంగి మంట ఆరిపోయింది.

"అవనిగడ్డ సముద్రానికి మరీ దగ్గరేం కాదు మాస్టారూ. మేడలున్న ఊరు" అన్నాను.

"నెలలు నిండిన మనిషి, మేడెక్కగలదా సిస్టర్‌గారూ?"

"ఎవరో ఒకరు ఎక్కించే ఉంటారు" అన్నాను. నర్సుని కదా, అబద్ధం కూడా సరిగా చెప్పలేకపోయాను.

ఫోను చేయాలంటే ఫ్రాన్సిస్‌టౌన్ వెళ్లాలి. అది మేము వచ్చిన వైపే, వెనక్కి. మౌన్ ఇంకొక్క పూట దారి. మా ఆయన సంగతి చెప్పగానే, వెనక్కి వెళ్దామని మేము అడగకముందే మేల్ నర్సు వంట గిన్నెలు కట్టడం మొదలుపెట్టాడు.

"మరి మీ అమ్మగారు?" అన్నాను.

"మా అమ్మ ఎక్కడుందో నాకు తెలుసు సిస్టర్. ఇతని భార్య ఎక్కడుందో ఇతనికి తెలియదు. పదండి."

దారంతా మాస్టారి పక్కన కూర్చుని నేనే మాట్లాడుతూ వచ్చాను. తుపాను కబురు ముందే అందుతుందని, వాళ్లు ఎప్పుడో బెజవాడ వెళ్లిపోయి ఉంటారని. మా వాళ్ల గురించి నాకు బెంగ లేదు. ఉయ్యూరు సముద్రానికి దూరం. మహా అయితే చెరకు పడిపోయి ఉంటుంది, వంటింటి రేకు ఎగిరి ఉంటుంది అనుకున్నాను. ఒక్కసారి కూడా నా మనసు అన్నయ్య మీదికి పోలేదు.

ఫ్రాన్సిస్‌టౌన్ పోస్టాఫీసులో గవర్నర్‌పేట కొట్టు నంబరుకి ట్రంకాల్ బుక్ చేశాం. ఆపరేటరు అమ్మాయి మంచిది. ఏ దేశాలు తిరిగి వెళ్లేదో ఆ లైను, ప్రతిసారీ "విజయవాడ పలకడం లేదు" అని విచారంగా చెప్పేది. ఆ రోజు గడిచింది. మర్నాడు మధ్యాహ్నం బల్ల మీద కునుకుతున్న మమ్మల్ని కేకేసింది. మాస్టారు పరిగెత్తారు.

అవతల ఆయన అన్నగారు. ఇద్దరూ ఉర్దూలో మాట్లాడుకుంటున్నారు. మాస్టారు "హా భాయ్, హా భాయ్" అంటూ అంటూ అలాగే గోడకి జారి నేల మీద కూర్చుండిపోయారు. అప్పుడు ఆయన మా వైపు తిరిగి ఏడుస్తూ నవ్వారు.

"బెజవాడలోనే ఉందండీ! కాళ్లు వాచాయని ముందే ఆసుపత్రికి తీసుకొచ్చారంట. ఆడపిల్లండీ, ఆడపిల్ల పుట్టింది! మావయ్యగారు మేడెక్కి బతికారంట!"

మా ఆయన ఆయన్ని కావలించుకున్నారు. ఆపరేటరు అమ్మాయి చప్పట్లు కొట్టింది. మాస్టారు రిసీవరు నాకందిస్తూ, "మా అన్నయ్య మీతో మాట్లాడతాడంటండీ" అన్నారు. పాపాయి గురించి చెప్పడానికే అనుకున్నాను.

"చాలా సంతోషమండీ" అన్నాను నవ్వుతూ.

"అమ్మా, మీ అన్నయ్య శుక్రవారం మా కొట్టుకొచ్చాడమ్మా. దివిలో ఏదో రైసుమిల్లు ఇంజను ఆగిపోయిందంట. బెల్టు తీసుకున్నాడు. శనివారం పొద్దున్నే వెళ్తానన్నాడు" అన్నారాయన.

"ఎవరండీ?" అన్నాను.

"మీ అన్నయ్యమ్మా. ఇంకా ఇంటికి రాలేదు. నిన్న మీ వదినగారు వెతుక్కుంటూ మా కొట్టుకొచ్చారు. ఆ ఊరు ఊరే లేదంటున్నారమ్మా…"

లైను తెగిపోయింది.

నేను రిసీవరుని జాగ్రత్తగా దాని చోట పెట్టాను. ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పాను. బయటికొచ్చి మా ఆయన్ని జీపులో పెట్రోలు పోయించారా అని అడిగాను. పోయించానన్నారు. ఎక్కి కూర్చున్నాను. ముందు సీట్లో మాస్టారు కూతురికి ఏ పేరు పెట్టాలా అని మాట్లాడుతూనే ఉన్నారు. నేను వింటున్నాను, ఊ కొడుతున్నాను కూడా. ఊరు దాటాక, "మా అన్నయ్య దివి వెళ్లాడంట" అన్నాను. అది నా గొంతులా లేదు. మా ఆయన జీపు ఆపేశారు.

మాస్టారు వెనక్కి తిరిగి నా ముఖం చూసి, "నేను నవ్వుతా ఇచ్చానండీ ఫోను… నవ్వుతా ఇచ్చాను" అని తల కొట్టుకున్నారు. మేల్ నర్సు దిగి వచ్చి నా పక్కన కూర్చుని, లివింగ్‌స్టన్ చేరేదాకా నా మణికట్టు వదల్లేదు. రోగి నాడి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఏడుపు రాలేదు నాకు. ఆ దారిలో ఏం చూశానో ఒక్కటీ గుర్తులేదు.

టిక్కెట్లు దొరికి మేము ఉయ్యూరు చేరేసరికి క్రిస్మస్ వెళ్లిపోయింది. అన్నయ్య దొరకలేదు. పాస్టరుగారు జ్ఞాపకార్థ కూడిక పెడదామంటే వదిన ఒప్పుకోవడం లేదు. "మనిషిని చూడకుండా ఎట్టా పెడతారండీ?" అంటుంది. నన్ను చూశాక మాత్రం, "ఆ మిల్లు కాడికి నన్ను తీసుకెళ్తావా?" అని అడిగింది.

మాస్టారి అన్నగారు తమ వ్యానిచ్చి, తనే నడిపారు. అవనిగడ్డ దాటాక నేను కళ్లు మూసుకోవాలనుకున్నాను, మూసుకోలేకపోయాను. తలలు తెగిన తాటిచెట్లు, కూలిన గుడిసెలు, ఇంకా పూడ్చని పశువులు. కోతకొచ్చిన వరి బురదకి అంటుకుని నల్లబడిపోయింది. చీర కొంగులు ముళ్లకంపల పైకొమ్మలకి చిక్కుకుని ఉన్నాయి. నీళ్లు అంత ఎత్తున పోయాయన్నమాట.

మిల్లుకి రెండు గోడలు మిగిలాయి. మిల్లువాళ్ల ఇంట్లో ఒక్క ఆవిడే బతికింది, యజమాని చెల్లెలు. తుమ్మచెట్టు కొమ్మ పట్టుకుని తెల్లారేదాకా వేలాడిందట. అరచేతులకి ఇంకా కట్లున్నాయి. మేమెవరమో చెప్పగానే వదిన చెయ్యి పట్టుకుంది.

వదిన అడిగింది ఒక్కటే. "అన్నం తిన్నాడా?"

"తిన్నాడమ్మా. మా వదినే వడ్డించింది. కొరమేను పులుసు. బాగుందని మళ్లీ వేయించుకున్నాడు. ఇంజను అప్పటికే నడిపించేశాడు. ఈ గాలిలో వెళ్లొద్దంటే, 'మా ఆవిడ ఎదురుచూస్తదండీ' అన్నాడు. బస్సు రాలేదమ్మా. వస్తే ఇంటికి వెళ్లిపోయేవాడే."

వదిన ఆ గోడ పక్కనే కూలబడి, మొదటిసారి గుండెలు బాదుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మాస్టారి అన్నగారు వ్యాను అవతలికి వెళ్లి నిలబడ్డారు.

తర్వాతి ఆదివారం ఉయ్యూరు చర్చిలో కూడిక జరిగింది. మాస్టారి కుటుంబమంతా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఆయన భార్య ఒళ్లో పాపాయి నిద్రపోతోంది. పాట మొదలయ్యాక నేను మొదటి చరణం దగ్గరే ఆగిపోయాను. వదిన మాత్రం ఇద్దరు పిల్లల్నీ చెరోపక్క నిలబెట్టుకుని, చివరి చరణందాకా పాడింది.