ఆరో రోజు ఖాళీ గడి

1986 నవంబరు. జగ్గయ్యపేట బస్టాండు ఎదురు సందులో, బట్టల కొట్టు మేడ మీద మా ట్రావెల్స్ ఆఫీసు ఉండేది. ఆఫీసంటే రెండు బల్లలు, ఒక టైపు మిషను, గోడకి కాశీ రామేశ్వరాల దారులు ఎర్రగా గీసిన పెద్ద మ్యాపు. అప్పటికి పన్నెండేళ్లుగా నేను యాత్రా బస్సులు నడుపుతున్నాను. నా గొప్పంతా వేగంలో ఉండేది. పదిహేను రోజుల్లో ఇరవై ఆరు క్షేత్రాలు చూపించిన మొనగాణ్ణి నేను. తెల్లవారుజామున నాలుగింటికి విజిల్ ఊదానంటే ముసలీ ముతకా అందరూ తడి జుట్టుతోనే బస్సెక్కాల్సిందే. మా యాత్రికులు ఇంటికొచ్చాక కూడా నెల రోజులు ఆ విజిల్ కలలోకొచ్చి ఉలిక్కిపడి లేచేవారట. అది నాకు పొగడ్తలాగే వినిపించేది.

యాత్రలు లేని నెలల్లో గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి పాస్‌పోర్టు కాగితాలు నింపిపెట్టేవాణ్ణి. ఆ పని మీద బొంబాయిలో ఒక ఏజెంటు పరిచయమయ్యాడు. విమానం టిక్కెట్లు, వీసాలు అతనే చూసేవాడు. అంతకుమించి విదేశాల సంగతి నాకు ఓనమాలు కూడా తెలియదు. అలాంటి నా దగ్గరికి నందిగామ నుంచి ఖాదర్ సాహెబుగారు, ఆయన భార్య రజియా టీచరుగారు మెట్లెక్కి వచ్చారు. సాహెబుగారు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు. సున్నపురాయి తోలే లారీలు రెండున్నాయి ఆయనకి. పాతికేళ్లు రోడ్ల మీద తిరిగినా దారిలో హోటల్లో ముద్ద ముట్టని మనిషని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. బెజవాడ వెళ్ళినా కీసర దగ్గర లారీ ఆపించి, ఇంటి క్యారేజీ విప్పుకుని తినేవారు.

"రావుగారూ, ఈవిడ రిటైరైంది. రిటైరైతే ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తానని మాటిచ్చా. మహా అయితే అజ్మీరు అంటుందనుకున్నా. ఈజిప్టు అంటంది," అన్నారాయన కుర్చీలో కూలబడి.

టీచరుగారు నవ్వారు. "ఆరో తరగతి సోషల్లో ఈజిప్టు పాఠం ఉందండీ. ముప్పై ఏళ్లు చెప్పా. కళ్ళు మూసుకుని బోర్డు మీద పిరమిడ్డు గీస్తా. చూడకుండా అన్నేళ్లు చెప్పాగదా, చెప్పింది నిజమో కాదో ఒకసారి చూసి రావాలని."

"నావి రెండే షరతులు," అన్నారు సాహెబుగారు. "ఒకటి, నన్ను పరిగెత్తించకూడదు. రెండు, తిండి హలాలై ఉండాలి. ఒక్క పూట అనుమానం వచ్చిందా, అక్కణ్ణించే తిరుగు విమానం."

హలాల్ అంటే వాళ్ళ ఆచారం ప్రకారం దేవుడి పేరు తలచి కోసిన మాంసం, పంది మాంసమూ మద్యమూ తగలని వంట. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో బెదిరింపు లేదు. అన్నంత పనీ చేసే మనిషి చెప్పే తీరులో మామూలుగా చెప్పారు. టీచరుగారి మొహంలో నవ్వు ఒక్క క్షణం తగ్గడం నేను చూశాను. ముప్పై ఏళ్ల ముచ్చట ఒక పూట భోజనం మీద వేలాడుతోందని నాకప్పుడే అర్థమైంది.

మా వృత్తిలో రోజువారీ కార్యక్రమం రాసిన కాగితాన్ని ఐటినరీ అంటారు. వరసగా గడులు గీసి, ఏ రోజు ఏ పూట ఏం చూడాలో అందులో రాస్తాం. బొంబాయి ఏజెంటు పంపిన పుస్తకాలు ముందేసుకుని వారం కుస్తీ పట్టి ఒకటి తయారు చేశాను. ఏడు రోజులు, పంతొమ్మిది స్థలాలు. పొద్దున్న ఐదింటికి బయల్దేరడం. ఒక్క పిసరు ఖాళీ లేకుండా నింపి, మురిసిపోయి, నందిగామ బస్సులో పంపించాను.

నాలుగు రోజులకి అది ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి వచ్చింది. పైన గుండ్రంగా సున్నా చుట్టి లోపల '35' అని వేసి ఉంది. పక్కన 'పాసు మార్కులే. మళ్ళీ రాయండి' అని. ఒక గడి పక్కన, 'శుక్రవారం మధ్యాహ్నం సాహెబుగారు నమాజులో ఉంటారు, మ్యూజియంలో కాదు.' పిరమిడ్డు లోపలికి వంగి వెళ్ళే చోట ఒకటే మాట, 'మోకాళ్ళు.' అట్టడుగున, 'ఇందులో మనిషి ఎప్పుడు కూర్చుంటాడు?'

నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఆరు క్షేత్రాలవాణ్ణి పట్టుకుని ముప్పై ఐదు మార్కులా. అయినా మళ్ళీ రాశాను. రెండోదానికి 55 వచ్చాయి. మూడోది పట్టుకుని నేనే నందిగామ వెళ్ళాను. రోజుకి ఒకటే చోటు, అదీ పొద్దుటి పూట. మధ్యాహ్నం పడక, సాయంత్రం నైలు నది ఒడ్డున నడక. కైరోలో మూడు రోజులు, లక్సర్ అనే పాత రాజధానిలో రెండు, మళ్ళీ కైరోలో రెండు. ఇలాంటి పల్చటి కాగితం మా యాత్రికులకి చూపిస్తే నా మొహాన కొట్టి పోతారని లోపల సిగ్గుపడుతూనే ఇచ్చాను. టీచరుగారు చదివి, ఆరో రోజు గడిలో రాసినదంతా అడ్డంగా కొట్టేశారు.

"ఈ రోజు ఏమీ వద్దండీ."

"ఏమీ వద్దంటే ఎట్లాగండీ, అంత దూరం పోయి. పోనీ షాపింగ్ అని రాస్తా."

"అదీ వద్దు. ముప్పై ఏళ్లు బెల్లు కొడితే లేచా, బెల్లు కొడితే కూర్చున్నా. ఒక్క రోజు బెల్లు లేకుండా ఉండనియ్యండి."

ఆ గడి ఖాళీగానే వదిలాను. ఇంటికెళ్ళేదాకా బస్సులో నా చెయ్యి దురదపెడుతూనే ఉంది.

ఇక హలాల్ సంగతి. విమానంలో భోజనానికి నాలుగక్షరాల కోడు ఉంటుంది. ఎం.ఓ.ఎం.ఎల్. అని టిక్కెట్టు మీద కొట్టిస్తే ముస్లిం భోజనం పెడతారు. అది చేయించాను. దిగాక ఏం చెయ్యాలి? గల్ఫ్ తప్ప విమానం ఎక్కి వెళ్ళేవన్నీ తెల్లవాళ్ళ దేశాలేనని సాహెబుగారి నమ్మకం. ఏడు రోజులకి సరిపడా ఎండు చేపలు, గోంగూర పచ్చడి, కిరసనాయిలు స్టవ్వు పట్టుకెళ్తానన్నారు. మా యాత్రా బస్సులో వెనక సీటు తీసేసి వంట సామాను పెట్టుకోవడం ఎరిగినవాణ్ణి కనక నాకూ అది సబబుగానే తోచింది. విమానంలోకి స్టవ్వు రానివ్వరని బొంబాయివాడు చెప్పాక, కైరో ఏజెంటుకి టెలెక్స్ ఇవ్వమన్నాను. టెలెక్స్ అంటే ఇక్కడ టైపు కొడితే అక్కడ కాగితం మీద అచ్చయ్యే తంతి. ప్రతి పూటా హలాల్ భోజనం దొరికే ఏర్పాటు ఉందో లేదో రాతపూర్వకంగా చెప్పమని గట్టిగా అడిగించాను.

జవాబు కాగితం బొంబాయి నుంచి పోస్టులో వచ్చిన రోజు దంపతులిద్దరూ నా ఎదురుగానే ఉన్నారు. పైకి చదివాను. "మా ఊళ్ళో హలాల్ కానిది కావాలంటేనే వెతకాలి. మీ ప్యాసింజరుకి అదేమైనా కావాలా?"

సాహెబుగారు రెండుసార్లు చదివించుకుని, పొట్ట పట్టుకుని నవ్వారు. అది ముస్లింలు ఎక్కువగా ఉండే దేశమని మా ఇద్దరికీ తట్టనే లేదు. నేను టీచరుగారి వంక చూశాను.

"మీకు తెలుసు గదండీ?"

"తెలుసు. నేను చెబితే ఇంటావిడ మాట. మీరు చెబితే టెలెక్స్," అన్నారావిడ.

వాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోయాక కాగితం ఫైల్లో పెట్టబోతుంటే కింద ఇంకో రెండు వాక్యాలు కనిపించాయి. నవ్వుల్లో పడి నేను చూడలేదు. 'లక్సర్‌లో మీరు అడిగిన హోటలు విదేశీయుల కోసం నడిపేది. అక్కడి వంటింట్లో అన్ని రకాల మాంసమూ వండుతారు.'

ప్రయాణం ఇంకా పన్నెండు రోజులుంది. ఆ హోటలుకి వోచర్లు, అంటే రూములు ఖాయం చేసిన చీటీలు, వచ్చేశాయి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మహా అయితే కూరగాయల భోజనం పెట్టమని హోటలుకి రాస్తే సరిపోతుంది. అబద్ధమెందుకు, ఒక పూటంతా ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేసుకుని కూర్చున్నాను. కాశీ బస్సులో మా వంటాయన ఉల్లిపాయ తగిలిన గరిటె పప్పులో పెట్టాడని ఒక పెద్దావిడ రెండు రోజులు పస్తున్నది గుర్తొచ్చింది. ఆవిడ కోసం నేను కొత్త గరిటె కొన్నాను. ఈయనకి మాత్రం తెలియకపోతే చాలని ఎందుకనుకున్నానో. నా మీద నాకే సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే నందిగామ వెళ్ళి చెప్పాను. టీచరుగారు అప్పటికే పెట్టె సర్దుతున్నారు. కొత్త కాన్వాసు బూట్లు రెండు జతలు మంచం మీద ఉన్నాయి.

"వద్దులే రావుగారూ. మధ్యలో తిరిగొచ్చి ఆవిణ్ణి బాధపెట్టే బదులు ఇప్పుడే మానుకుంటే మర్యాద," అన్నారు సాహెబుగారు.

టీచరుగారు బూట్లు తీసి మంచం కిందకి నెట్టారు.

"నాలుగు రోజులు టైమివ్వండి సాహెబుగారూ. ఆ తర్వాత మీ ఇష్టం," అన్నాను.

అక్కణ్ణించే బెజవాడ పోయి బొంబాయికి ట్రంకాల్ బుక్ చేసి, మూడు గంటలు కూర్చుని మాట్లాడాను. హోటలు మార్చమన్నాను. మూడో రోజుకి కైరో నుంచి జవాబు వచ్చింది. లక్సర్‌లో నదికి అవతలి ఒడ్డున, ఒక కుటుంబం తమ ఇంట్లోనే నాలుగు గదులు అద్దెకిస్తారట. మెట్లు లేవు. వాళ్ళు తినేదే పెడతారట.

"వంటెవరు?" అని అడిగారు సాహెబుగారు.

"ఇంటావిడేనండి."

"ఆవిడ పేరు?"

ఇన్నేళ్ల వృత్తిలో నన్నెవరూ వంటమనిషి పేరు అడగలేదు. అదృష్టం కొద్దీ టెలెక్స్‌లో ఉంది. ఉమ్మ్ హసన్. హసన్ వాళ్ళమ్మ.

సాహెబుగారు తలూపారు. "పిల్లాడి పేరుతో పిలిపించుకునే తల్లి వండితే తింటా," అన్నారు. టీచరుగారు వంగి మంచం కింద నుంచి బూట్లు తీసుకున్నారు.

జనవరిలో వెళ్ళారు. ఆ వారమంతా టెలిగ్రాంల మనిషి సందులో కనిపిస్తే మెట్లు దిగి ఎదురెళ్ళేవాణ్ణి. తిరుగు విమానం కబురేమోనని. ఏ కబురూ రాలేదు. చివరికి ఒక మధ్యాహ్నం ఇద్దరూ మా మెట్లెక్కి వచ్చారు. సాహెబుగారు ఈసారి మధ్యలో ఒక్కసారే ఆగారు. బల్ల మీద ఒక పొట్లం విప్పారు. ముదురెరుపు రంగులో ఎండిన పువ్వులు.

"ఏంటో చెప్పండి."

వాసన చూశాను. పులుపు తెలిసింది, పేరు తట్టలేదు.

"గోంగూర పువ్వండీ. మన గోంగూరకి చుట్టమే. వాళ్ళు ఆకు వదిలేసి పువ్వు మరగబెట్టి తాగుతారు. నేను ఉమ్మ్ హసన్‌కి మన పచ్చడి సీసా ఇచ్చా. ఆవిడకి కళ్ళ నీళ్ళొచ్చినయ్యి, అయినా ఆపకుండా తిన్నది. పొద్దున్నే బండి మీద చిక్కుడుగింజల కూర, రొట్టె. రోడ్డు పక్కన నిలబడి తిన్నానండీ నేను. నేను."

పాతికేళ్లుగా క్యారేజీ విప్పుకున్న మనిషి ఆ మాట అంటుంటే నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. టీచరుగారు సంచీలోంచి ఐటినరీ తీసి నా ముందు పెట్టారు. మడతలు పడి, అంచులు నలిగిపోయి ఉంది. పైన ఎర్ర సిరాతో '98'.

"ఆ రెండూ ఎక్కడ పోయినయ్యండీ?"

"షాపింగ్ అని రాయబోయినందుకు."

అప్పుడు చూశాను. ఆరో రోజు గడి ఖాళీగా లేదు. నీలం సిరాతో, లారీ ట్రిప్ షీట్లు రాసే వంకర టింకర అక్షరాలతో ఒక ముక్క రాసి ఉంది. అది టీచరుగారి దస్తూరీ కాదు.

సాహెబుగారు కిటికీ వంక తిరిగి చెప్పారు. "ఆ రోజు ఏం పని లేదు గదా. మళ్ళీ పిరమిడ్డు కాడికే పోదామంది. గైడు లేడు, తొందర లేదు. నీడలో ఒక రాయి మీద కూర్చున్నాం. ఎంతసేపని ఊరికే కూర్చుంటాం? ఆ పాఠమేందో నాకూ చెప్పు అన్నా. లేచి నిలబడి చెప్పిందండీ, క్లాసులో చెప్పినట్టే. మధ్యలో నన్ను ప్రశ్నలు కూడా అడిగింది. మధ్యాన్నం దాకా చెప్పింది. కాపురానికొచ్చి ముప్పై మూడేళ్లు. ఊళ్ళో పిల్లలందరూ విన్నారు, నేను ఎప్పుడూ వినలా."

టీచరుగారు కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఆ గడిలో ఉన్నది రెండే మాటలు. 'పాఠం విన్నా.'

ఆ ఏడు నుంచి నా కాశీ యాత్ర ఇరవై ఆరు క్షేత్రాల నుంచి పద్దెనిమిదికి దిగింది. నాలుగింటి విజిల్ ఆరింటికి మారింది. పోటీ బస్సులవాళ్ళు రావు ముసలాడైపోయాడని నవ్వారు, నవ్వనిమ్మన్నాను. ఒక్క పూట తిండి మీద మనిషికి ఎంత పట్టింపు ఉంటుందో, అది తీర్చడం మన పనిలో ఎంత పెద్ద భాగమో ఆ ప్రయాణమే నాకు నేర్పింది. నేను వేసే ప్రతి ఐటినరీలోనూ ఒక గడి వదిలేస్తాను. ఇక్కడేం రాయలేదేంటండీ అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అది మీరు రాసి తెచ్చి నాకు చూపించేది అని చెబుతాను.