లతకు సీటొచ్చిన సంగతి

ఎనిమిదేండ్ల సంది ఒక్క మాట నా గొంతుల అడ్డం పడి ఉన్నది. మింగరాదు, కక్కరాదు. ఈ నడుమ పెండ్లయింది, కొడుకు పుట్టిండు, జగిత్యాలల ఒక దవాఖానల నర్సు కొలువు చేస్తున్న. అందరు నన్ను మంచిది, మంచిది అంటరు. ఇన్నప్పుడల్లా ఒళ్లు మండుతది. నా మొఖం మంచితనం! మీరెవరో నాకు ఎరుక లేదు, గందుకే ఈ కాగితం మీద మీకు రాస్తున్న. ఎరుకున్నోళ్లకు చెప్పే ధైర్యముంటే ఇక్కడిదాంక ఎందుకొస్తది?

లత నా దోస్తు. అసలు పేరు గది కాదు. ఇద్దరిది రాయికల్ ఊరే. ఇద్దరి అమ్మలు ఒకే అరుగు మీద కూసొని బీడీలు చేసేటోళ్లు. ఇంటర్ కోరుట్లల, ఒకే బస్సుల పోయి సదివినం. నాకు జువాలజీ ఎక్కకపోతే లత బస్సుల నిలబడే చెప్పేది. ఆమె లేకుంటే నేను పాసే అయ్యేదాన్ని కాదు.

నర్సింగుకు రెండు తొవ్వలు. నాలుగేండ్ల డిగ్రీ ఒకటి, మూడేండ్ల డిప్లొమా ఒకటి. డిగ్రీ ఉంటే ముందుముందు కాలేజీల పాఠాలు చెప్పే కొలువు గూడ దొరుకుతది. లతకు గదే పానం. "నేను టీచర్నయితనే" అని బీడీల ఆకు కత్తిరించుకుంట అనేది. ఇద్దరం డిగ్రీకే పెట్టినం. వాళ్లింట్ల ఒక్కటే ఫోను, గది సిరిసిల్లల సాంచెల మీద బట్ట నేసే వాళ్ల నాయన తాన ఉంటది. "నీ నంబరే ఇయ్యే, నీదైతేంది నాదైతేంది" అన్నది. రెండు దరఖాస్తుల్ల నా నంబరే పడ్డది.

నాకు సీటు రాలే. రెండో విడతల ఆమెకొచ్చింది. సిరిసిల్లలనే, వాళ్ల నాయన ఉండే ఊర్లనే. మెసేజ్ నా చేతుల ఉన్నది. నాలుగు దినాలల్ల పోయి చేరాలె.

సదివి ఏం చేసిన్నో తెలుసా? డిలీట్ కొట్టిన.

పొద్దుగూకే యాల్లకు లత వచ్చింది, చేతులు తంబాకు వాసన కొట్టుకుంట.

"ఏమే, మెసేజ్ వచ్చిందా?"

"రాలే."

"నీకు?"

"నాకూ రాలే."

"నెట్ సెంటర్ల చూపిద్దామా?"

"నేను చూపిచ్చిన. లిస్టుల ఇద్దరం లేము."

లత నా భుజం తట్టి, "పోనీ తియ్యే, నువ్వు రంది పెట్టుకోకు. ఇద్దరం డిప్లొమాల చేరుదం" అన్నది. ఓదార్చింది. నన్ను!

ఎందుకు చేసిన? దోస్తు దూరమైతదని చేసిన అని చాన ఏండ్లు నాకు నేనే చెప్పుకున్న. ఆ భయం ఉండె, కాదనను. కానీ దానికింద ఇంకోటి ఉండె. "నా బిడ్డకు సీటొచ్చింది" అని వాళ్లమ్మ అంటది గదా, పక్కనే కూసున్న మా అమ్మ ఇంటది గదా, ఇంటికొచ్చి నా దిక్కు చూస్తది గదా, ఆ చూపు నేను ఓర్సుకోలేనని. కుళ్లు. దానికి ఇంకో పేరు లేదు. నాలుగు దినాలు ఉండె నాకు. రోజూ లేవంగనే ఇయ్యాల చెప్త అనుకున్న. చెప్పిననా? లేదు.

ఇప్పుడు ఇద్దరం ఒకే వార్డుల పని చేస్తున్నం. డిప్లొమా చేసినోళ్లు ఇంకో రెండేండ్లు సదివితే డిగ్రీ అయ్యే కోర్సున్నది. మొన్న నోటిఫికేషన్ పడ్డది. "దరఖాస్తు పెట్టు, నేను నింపిపెడ్త" అన్న నేను. లత నవ్వింది. "నాకేడొస్తదే సీటు? అప్పుడే రాలే. నాది గంతే బుర్ర." సూది పెట్టనీకె నరం దొరకకపోతే కొత్త పిల్లలు ఆమెనే పిలుస్తరు. డాక్టర్లు ఆమె మాట ఇంటరు. గసోంటిది తన బుర్ర గంతే అనుకుంట ఎనిమిదేండ్లు బతికింది. నేను గుంజుకున్నది సీటొక్కటే అనుకున్న, ఇన్నేండ్లు!

దరఖాస్తుకు శనివారం ఆఖరు. చెప్తే నా మొఖం చూడదు. చూడకపోవుడే న్యాయం. చెప్పకపోతే ఆమె ఇగ ఎన్నడు పెట్టదు. రెండు దినాల సంది ఇంట్ల అటిటు తిరుగుతున్న, పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగిపోయినయి. చెప్తనా? ఈ కాగితమే ఆమె చేతుల పెడ్తనా? నాకే తెల్వదు. మాఫీ మాత్రం అడగ. అడిగే మొఖం లేదు. కానీ నోట్లెకెళ్లి ఎన్నడు రాని మాట ఇయ్యాల చేతితోనన్న రాస్త, పానం జర నిమ్మళమైతది.

లతా, నీకు సీటొచ్చిందే. నేనే చెప్పలే.