తోక టీచరమ్మ పాట

ఆ వీధిలో ఆవిడని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. తోక టీచరమ్మ ఇల్లెక్కడ అని అడిగితే చాలు, పసిపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దింపుతారు. లోకమంతా ఇంగ్లీషు మాటల్ని మొదటి అక్షరం చూసి నేర్పితే, ఈవిడ చివరి అక్షరం చూసి నేర్పేది. ఒకే అక్షరంతో ముగిసే చిన్న మాటలన్నీ ఓ వరసలో పేర్చి, పక్కన అర్థాలు చేర్చి, పాట కట్టేసేది. అన్నిట్లోకీ పేరుమోసింది 'టి' పాట.

"క్యాట్ పిల్లి, ర్యాట్ ఎలుక, మ్యాట్ చాప, హ్యాట్ టోపీ, పాట్ కుండ, కాట్ మంచం, నెట్ వల, కట్ కోత, వెట్ తడి!"

సాయంత్రం ముందుగదిలో పిల్లలు గొంతు కలిపితే వీధి చివరిదాకా వినపడేది. దారినపోయేవాళ్ళు ఆగి మరీ వినేవాళ్ళు. ఆవిడ మొహం చూడాలి అప్పుడు! సంగీత కచేరీ చేసినవాళ్ళకి కూడా అంత గర్వం ఉండదు.

ఆ పాటలో ఓ చిక్కుంది. వరసలో అయితే పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. మధ్యలోంచి ఒక్క మాట తీసి చూపిస్తే మాత్రం, మళ్ళీ పిల్లి దగ్గర మొదలెట్టి పాడుకుంటూ రావాల్సిందే. ఈ సంగతి ముందుగా కనిపెట్టింది ఒక దర్జీ.

"టీచరమ్మగారూ, మా పిల్లని 'నెట్' అంటే ఏమిటే అనడిగితే పాటంతా పాడుతోందండీ. మధ్యలో ఆపామా, మళ్ళీ మొదటికొస్తోంది" అన్నాడు పాపం, మర్యాదగానే.

"చొక్కా కుట్టమంటే మీరు బొత్తాం దగ్గర మొదలెడతారా? దేనికైనా వరసంటూ ఉంటుంది" అని కసిరి పంపేసింది. కానీ ఆయన అన్నది నిజమని ఆవిడకి ఆ క్షణానే తెలుసు. పాట మానేస్తే తనకేం మిగులుతుందన్న భయంతో తెలియనట్టు ఊరుకుంది.

ఆవిడ చెల్లెలు ఆ ఇంట్లోనే వెనకగదిలో ఉండేది. నిజం చెప్పాలంటే ఇద్దరిలో చురుకైంది చెల్లెలే. అమ్మ మంచం పట్టినప్పుడు ఎవరో ఒకరు బడి మానాల్సి వచ్చింది. అక్కకి పరీక్షలు దగ్గరపడ్డాయని చెల్లెలే మానేసింది. తర్వాత మొగుడు పోయి అక్క పంచన చేరింది. బావగారు పల్లెత్తు మాట అనే మనిషి కాడు. అయినా తన పళ్ళెంలో తను రెండోసారి వడ్డించుకోడానికి చెల్లెలికి మొహమాటంగానే ఉండేది. సొంత సంపాదన, చిన్నదైనా సొంత గది, ఆమెకి కావలసింది అంతే.

ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికేచోట పని ఉందని తెలిసింది. అక్కడ మూతలున్న తోపుడు బండ్ల మీద చిన్న చిన్న ఇంగ్లీషు మాటలు రాసుంటాయి. చూసి, ఏ బండిని ఏ గదిలోకి తొయ్యాలో తెలుసుకోవాలి.

"అక్కా, నాక్కూడా నేర్పవే" అంది సిగ్గుపడుతూ.

నేర్పింది. ఎలా? పిల్లల పక్కన కూర్చోబెట్టి, అదే పాట. చెల్లెలికి విడిగా, ఒక్కో మాట చేతికిచ్చినట్టు నేర్పొచ్చని టీచరమ్మకి తోచింది. కానీ తోచిన దాన్ని పక్కకి నెట్టేసింది.

పనిలో చేరిన కొద్దిరోజులకే, ఓ పూట మధ్యాహ్నం కాకుండానే చెల్లెలు ఇంటికొచ్చేసింది.

"ఏమే, అప్పుడే వచ్చేశావ్?"

"రేపట్నుంచి రావద్దన్నారక్కా."

జరిగింది ఇదీ. మూత మీద 'వెట్' అని రాసున్న కొత్త బండి ఒకటి వచ్చింది. చివరి అక్షరం 'టి' అని చూడగానే పోల్చుకుని, లోలోపల పాట ఎత్తుకుంది. కుండ దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి ఎవరో "కదలవమ్మా!" అని అరిచారు. పాట తెగిపోయింది. మళ్ళీ పిల్లి దగ్గర మొదలెట్టింది. మళ్ళీ కేక. కంగారులో బండిని ఇస్త్రీగదిలోకి తోసి, బోర్లించేసింది. తడి తువ్వాళ్ళన్నీ మడతపెట్టిన తెల్లదుప్పట్ల మీద పడ్డాయి. పొద్దుట్నుంచి అంతమంది చేసిన పని నీళ్ళపాలైంది.

"తప్పు నాదేనక్కా. నీ పిల్లలైతే చటుక్కున పాడేద్దురు. నాకే నోరు తిరగదు, మొద్దుమొహాన్ని" అంది చెల్లెలు.

బావగారు ఓదార్పుగా, "పోనీలేమ్మా, నువ్వింట్లో ఉంటే మీ అక్కకి చేదోడుగా ఉంటుంది" అన్నాడు. మంచికే అన్నాడు. చెల్లెలు తలూపి వెనకగదిలోకి వెళ్ళిపోయింది.

టీచరమ్మకి అన్నం సహించలేదు. బడి మానిన రోజున కూడా చెల్లెలు ఇలాగే, "నాకు చదువు పెద్దగా రాదులే అక్కా" అని తప్పు తన మీదే వేసుకుంది. అప్పుడు కాదనలేదు. ఈసారైనా చెప్పెయ్యాలి. నీ నోరు కాదే, నా పాటే పనికిమాలింది, నాకు ముందే తెలుసు, రా, మొదట్నుంచి నేర్పుతాను అని చెప్పెయ్యాలి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే రోజులు దొర్లించింది.

ఒక పొద్దున వెనకగదిలోంచి గొణుగుడు వినపడింది. వెళ్ళి గుమ్మంలో నిలబడింది. చెల్లెలు బట్టలు ఇస్త్రీ చేస్తూ పాట పాడుకుంటోంది. మామూలుగా కాదు, ఊపిరి తీసుకోకుండా, పిల్లి నుంచి తడి దాకా పరుగులు పెడుతోంది. అయిపోగానే మళ్ళీ అందుకుంటోంది, ఇంకా వేగంగా. అక్కని చూసి ఆగింది. నుదుటి మీద చెమట తుడుచుకుంది.

"ఇంకో చోట పని ఉందటక్కా. ఈసారి ఎవరూ అరిచేలోపే పూర్తిచేసేస్తాను. చూడు, ఎలా వస్తోందో చెప్పు."

మళ్ళీ పాడింది. టీచరమ్మ చివరిదాకా విన్నది. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"బాగా వస్తోందే" అంది.

చెల్లెలి మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోయింది.