పండ్ల నడుమ పసుపు కొమ్ము

నా కోతలు వినని మనిషి ఆర్మూర్ మార్కెట్ల దొరుకడు. వేల్పూర్‌ల ఒక పసుపు కొమ్ము ఎంత పొడుగు పండిందంటే, తల మార్కెట్ గేటు దాటినా తోక ఇంకా చేన్లనే ఉన్నదని చెప్తే, హమాలీలు సంచులు దించి మరీ నవ్వుతరు.

నా బిడ్డ ఆ కథలు వింటనే పెరిగింది. తొమ్మిదో తరగతికి వచ్చినంక నవ్వుడు తగ్గింది. అప్పుడే బడిల కొత్తగ ఒక పీరియడ్ పెట్టిండ్రు. మనసుల ఏమున్నదో ఒకరు చెప్పాలె, ఇంకొకరు నడుమ మాట్లాడకుంట వినాలె. ఇంట్ల గూడ చెయ్యిమన్నరట.

"బాపూ, నేను చెప్పుడు అయ్యేదాక నువ్వు మాట్లాడొద్దు."

"సరే బిడ్డా."

"నా దోస్తు నాతోని మాట్లాడుతలేదు. వేరే బెంచీకి పోయింది..."

"గంతేనా! ఒకపారి జక్రాన్‌పల్లిల రెండెడ్లు అలిగి..."

బిడ్డ లేచి పోయింది. తర్వాత ఏమడిగినా "ఏం లేదు" అనుడే. "జర నీ నోటికి తాళమెయ్యి. పిల్ల అన్నం ముందర కూసొని ఏడుస్తున్నది," అన్నది నా భార్య.

కల్లంల ఉడకబెట్టిన పసుపు ఎండుతున్నది. ఎండిందో లేదో తెల్వాలంటే కొమ్ము విరిచి చప్పుడు వినాలె. టంగుమంటే ఎండినట్టు. నేను చెవి దగ్గర పెట్టుకొని విరుస్తుంటే బిడ్డ చూసింది.

"పసుపు చెప్పేదైతే మంచిగనే వింటవు."

ఎడ్ల కథ మళ్ల నాలుక మీదికొచ్చింది. గబుక్కున ఒక కొమ్ము పండ్ల నడుమ కరిచిపట్టిన. బిడ్డ ఓరగ చూసి, పక్కన కూసున్నది. మెల్లగ మొదలువెట్టింది. బడిల ఒక్కతే డబ్బా తింటదట. పొద్దున యూనిఫామ్ వేసుకుంటుంటేనే బడికి పోబుద్ధి కాదట. తనలనే ఏదో తక్కువున్నదని అనిపిస్తదట. పొద్దుగుంకేదాక చెప్పింది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కొమ్ము చేదుకే అనుకోండ్రి.

"ఇగ తీసెయ్యి బాపూ. నీ పండ్లు జూడు, పచ్చగైనయి!" ఎన్ని రోజులకో నవ్వింది. "ఇంతకు ఆ ఎడ్లు ఏమైనయి?"

ఇప్పుడు నిజామాబాద్ హాస్టల్ల ఇంటర్ చదువుతున్నది. ఐతారం సెలవు నాడు ఫోన్ జేస్తది. నేను పొద్దటి సంది ఫోన్ ముందర వెట్టుకొని కూసుంట. మోగంగనే కొమ్ము పండ్ల నడుమకు పోతది. అంత చెప్పినంక, "ఉన్నవా బాపూ?" అంటది.

"ఊఁ."

అప్పుడు ఎడ్ల ముచ్చట అడుగుతది. రెండు మాటలు చెప్పి, మిగిలింది మళ్ల ఐతారానికి ఆపుత. అవి ఇంకా జక్రాన్‌పల్లి దాటలే. నా చేతులల్ల ఉన్నన్ని రోజులు దాటనియ్య.