బల్ల కింద పలక ముక్క

మొన్న గిద్దలూరులో పింఛను పని మీద ఒక ఆన్‌లైన్ సెంటరుకు వెళ్ళాను. వేలిముద్ర తీసుకునే యంత్రం పెట్టిన బల్ల ఊగుతోంది. నేను వేలు ఆనించినప్పుడల్లా అది పక్కకు ఒరగడం, ముద్ర పడకపోవడం. అక్కడి ఆపరేటరు విసుక్కుని, గోడవారన పడి ఉన్న పలక ముక్కను కాలితో లాగి బల్ల కాలి కిందికి తోశాడు. టైల్సు మీద రాయి గీసుకుపోయిన ఆ కీచు చప్పుడుకు నా పళ్ళు జివ్వుమన్నాయి. "తియ్యి నాయనా దాన్ని" అన్నాను. "ఏంది తాతా, బాగానే నిలబడింది కదా" అన్నాడు. నిలబడలేదు, నిలబడినట్టు కనిపిస్తోంది అంతే అని చెప్పబోయి, ముసలాడి చాదస్తం అనుకుంటాడని ఊరుకున్నాను. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నా ఆ చప్పుడు చెవిలోనే ఉంది. నేను పని చేసిన పలకల కార్ఖానా యజమానురాలు రత్నమ్మగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆమే అక్కడ ఉండి ఉంటే, నాకంటే ముందు వంగి ఆ ముక్క లాగేసి, ఆపరేటరుకు నాలుగు వడ్డించి గాని బయటికి వచ్చేది కాదు.

మార్కాపురం అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. రాష్ట్రం ఏర్పడిన కొత్త. ఊరూరా బడులు తెరుస్తున్నారు. బడి అంటే పలక, పలక అంటే మార్కాపురం. రాచర్ల పక్క పల్లెలో మా నాయన బండి చక్రాలు చేసేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకుని, పెళ్ళయిన కొత్తలో, పలకలకు కొయ్య చట్రాలు కోసే పనికి రత్నమ్మగారి కార్ఖానాలో చేరాను. భర్త పోయాక కార్ఖానా ఆమె పేరు మీదికి వచ్చింది. పెత్తనం మాత్రం భర్త అన్న నారాయణ శెట్టిది. ఆయన సరే అనందే అక్కడ ఒక్క రాయి కదిలేది కాదు. ఆ ఇళ్ళలో తమ్ముడి భార్య బావగారి కంట పడకూడదు. ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, ఈమె లోపలి గదిలోకి పోయి, సగం తెరిచిన తలుపు రెక్క వెనక నుంచి మాట్లాడేది. ఆయన వెళ్ళగానే బయటికి వచ్చి, తలుపు వెనక మింగుకున్న మాటలన్నీ మా మీద కక్కేది. చేరిన కొత్తలో ఆమె అడుగుల చప్పుడు వింటే నా చేతిలో రంపం వంకర పోయేది.

చట్రాలు బిగించే పని ఆడవాళ్ళది. నేల మీద కూర్చుని, ఒక మోకాలు మడిచి, దానికి పలక ఆనించి, చట్రం ఎక్కించి, మూలలకు రేకు ముక్కలు పెట్టి మేకులు కొట్టాలి. వాళ్ళందరిలో ఖాసింబీ చేతివాటం వేరు. ఆమె కొట్టిన మేకు వంగడం నేను చూడలేదు. మేమందరం రత్నమ్మగారిని అమ్మా అంటే ఆమె ఒక్కతే అక్కా అనేది. ఒకరోజు రాళ్ళ దొంతర జారి ఖాసింబీ మోకాలి మీద పడింది. ఎముక అతుక్కుంది గాని మోకాలు మళ్ళీ మడత పడలేదు. మంచంలో తల్లి, ఇంట్లో ఇంకెవరూ సంపాదించేవాళ్ళు లేరు. అందుకే నొప్పి తగ్గీ తగ్గకముందే వచ్చి, కాలు బారచాచి కూర్చుని, నడుం వంచుకుని పని చేయబోయింది. పలక నిలవక జారేది. మధ్యాహ్నానికి ఆమె మొహం చూడలేకపోయేవాళ్ళం.

నారాయణ శెట్టి అది చూశాడు. "నేల మీద కూచోలేని మనిషికి ఈడ పనేంది?" అన్నాడు, ఆమె అక్కడే ఉండగానే.

తలుపు వెనక నుంచి రత్నమ్మగారి గొంతు వినిపించింది. "సంత దాకా గడువియ్యండి బావా. ఆమె నిలబడి చేసుకునేటట్టు బల్ల చేయిస్తాను."

"పొద్దస్తమానం నిలబడతాదా ఆ కాలితో?"

"అలిసిపోతే స్టూలు మీద కూచుంటాది. బల్ల కూడా కిందికి దిగుతాది."

ఆయన పెద్దగా నవ్వాడు. "ఎక్కే బల్ల, దిగే బల్ల! సరే, సంత నాటికి నాకు చూపియ్యి. లేకుంటే ఆమె దారి ఆమెది." నా పక్కన చిత్రిక పడుతున్న ఇంకో వడ్రంగి ఓబయ్యన్న, "కందకు లేని దురద కత్తిపీటకెందుకబ్బా" అని గొణిగాడు. ఆ దురద మా ఇద్దరికే అంటబోతోందని అతనికి ఇంకా తెలియదు.

నేను వెంటనే కొయ్య ఏరబోతే రత్నమ్మగారు ఆపింది. "ముందు నువ్వు కూచో." నా కుడి మోకాలికి చెక్క ఆనించి, తువ్వాలుతో బిగించి కట్టించింది. ఖాసింబీ చోట కూర్చుని పలకలకు చట్రాలు వేయమంది. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. కాసేపట్లో నడుం పట్టేసింది. అప్పుడు పెట్టెల మీద చెక్క పరిచి, నిలబడి చేయమంది. చెక్క ఎత్తుగా ఉంటే భుజం లాగింది, తగ్గించితే మెడ లాగింది. సాయంత్రానికి కుంటుకుంటూ లేచాను. "ఏడ నొప్పి?" అని అడిగింది. చెప్పాను. "గుర్తు పెట్టుకో. ఆ నొప్పి ఎవరికీ రాకుండా చెయ్యి" అని, పోబోతూ మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఇంకోటి. పైకి లేపాలన్నా దించాలన్నా ఆమె ఒక్కతే చేసుకోవాల. ప్రతిసారీ ఒకరిని పిలిచే పనైతే, ఆమె రోజూ ఒకరికి దండం పెట్టాల."

ఈ చివరి మాటే నాకు నిద్ర లేకుండా చేసింది. చివరికి ఒక దారి దొరికింది. కింది కాలు రెండు చెక్కలుగా, మధ్యలో సందు. పై కాలు ఆ సందులో జారుతుంది. మూడింటికీ కలిపి వరుసగా బొక్కలు, వాటిలోంచి ఇనుప చువ్వ. ఒక కొస కొంచెం ఎత్తి చువ్వ మార్చుకోవాలి, తర్వాత రెండో కొస. అలా మెట్టు మెట్టుగా ఎక్కించుకుంటే ఒక్క మనిషి చాలు. సంత దగ్గర పడుతోందని నేనూ ఓబయ్యన్నా కాళ్ళు పంచుకున్నాం. బొక్కకు బొక్కకు మధ్య బెత్తెడు దూరం అనుకున్నాం. మా పనిలో చిన్న కొలతలకు ఎవరూ కొలబద్ద తీసేవాళ్ళు కాదు. నాలుగు వేళ్ళు ఆనిస్తే బెత్తెడు. ఓబయ్యన్న చెయ్యి పారంత ఉంటుందని, నాది ఆడపిల్ల చెయ్యి అని అతనే వెక్కిరించేవాడు. ఆ సంగతి ఆ రోజు ఇద్దరికీ తట్టలేదు. బిగించేటప్పుడు ఎవరు చేసిన కాలు ఏ మూలకు వచ్చిందో కూడా చూసుకోలేదు.

కింది బొక్కల్లో ఉన్నంతసేపూ బల్ల బుద్ధిగానే నిలబడింది. మేము అక్కడే చూసుకుని మురిసిపోయాం. సంతనాడు నారాయణ శెట్టి వచ్చాడు. ఖాసింబీ ఒక కొస తర్వాత ఒక కొస ఎత్తుతూ, బల్లను నడుం ఎత్తుకు తెచ్చింది. పైకి పోయేకొద్దీ రెండు చేతుల కొలతలకు మధ్య తేడా పెరుగుతూ వచ్చి, ఒక కాలు నేలకు అందలేదు. అది ఆమెకే ముందు తెలిసింది. మార్కాపురంలో ఎవరైనా చేసే పనే ఆమె కూడా చేసింది. కింద పడి ఉన్న పలక ముక్కను మంచి కాలితో ఎవరికీ కనిపించకుండా లాగి, ఆ కాలి కిందికి తోసింది. మా పరువు కాపాడదామని చేసింది పాపం. మేకు మీద సుత్తి దెబ్బ పడగానే ముక్క జారింది. బల్ల ఒరిగింది. చట్రాలు బిగించి పక్కన పేర్చిన పలకలన్నీ జారి నేల మీద పగిలిపోయాయి.

"అయిపాయ కదా" అన్నాడు నారాయణ శెట్టి. ఖాసింబీ కొంగు నడుముకు దోపుకుని, తన సుత్తి తుడిచి, పక్కన పెట్టింది. ఇంటికి పోవడానికి సిద్ధమైన మనిషి చేసే పని అది.

అప్పుడు తలుపు రెక్క పూర్తిగా తెరుచుకుంది. రత్నమ్మగారు బయటికి వచ్చింది. మా అందరి ముందు, బావగారి ఎదుట, పగిలిన పలకల మధ్య నిలబడింది. "ఎల్లుండి పొద్దున మళ్ళా రండి బావా."

ఆయన కంగారు పడ్డాడు. మరదలిని చూడకూడదు కాబట్టి గబుక్కున మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషే గాని, గోడతో ఎంతసేపు వాదిస్తాడు? "ఏంది ఈ పద్ధతి... ఎల్లుండి, ఎల్లుండి" అంటూ చెప్పులు వెతుక్కుని బయటపడ్డాడు. ఇంకో రోజైతే నేను నవ్వి ఉండేవాణ్ణి.

ఆమె వంగి ఆ పలక ముక్క తీసింది. ఖాసింబీ ఏడుస్తూ, "నేనే పెట్టినా అక్కా, వాళ్ళకు మాట వస్తాదని" అంది. "నీకు ఊగుతాందని తెలిసి కూడా చెప్పకపోతే, వీళ్ళకెట్ల తెలుస్తాది?" అని గద్దించి, మా ఇద్దరి వైపు తిరిగింది. "మీ చేతులు చూపియ్యండి." చాపాం. ఆమె ఓబయ్యన్న బెత్తెడూ నా బెత్తెడూ పక్కపక్కన చూసి, ఆశ్చర్యపోయి, తిట్టడం కూడా మరిచిపోయింది. తర్వాత నిదానంగా అంది: "దేశమంతా పిల్లకాయలకు పలకలు పంపిస్తాం. మన కొలత రాసుకోను మనకు ఒక పలక లేకపాయనా?"

రాసుకుంటే చెరిగిపోతుంది. అందుకని నేను పొడుగాటి పలక బద్ద ఒకటి తీసుకుని, నీళ్ళు పోస్తూ, బరమా తిప్పుతూ మెల్లగా బొక్కలు వేశాను. ఈసారి వాటిని దగ్గర దగ్గరగా, రెండు వేళ్ళ దూరంలో పెట్టాను; మెట్టు చిన్నదైతే ఒకేసారి ఎక్కువ ఎత్తనక్కర్లేదు. ఆ ఒక్క బద్దనే కొత్తగా కోసిన నాలుగు కాళ్ళ మీదా పరిచి గుర్తులు పెట్టాం. రత్నమ్మగారు పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ఆమె మొహం పాలిపోయి ఉంది. బల్ల కుదరకపోతే ఖాసింబీకి పని పోవడమే కాదు, తలుపు దాటి వచ్చిన ఈమెకు కూడా ఇక ఆ కార్ఖానాలో నోరెత్తే దారి ఉండదు. ఆ సంగతి ఆమె అనలేదు గాని మాకు తెలుసు.

నారాయణ శెట్టి వచ్చేసరికి ఆమె బయటే నిలబడి ఉంది. ఆయన పక్కకు తిరిగి కూర్చున్నాడు. ఖాసింబీ మొదటి కొస మెట్టు మెట్టుగా ఎక్కించింది. రెండో కొసలో చువ్వ పట్టేసింది. లాగింది, రాలేదు. బల్ల బరువంతా ఆమె ఎడమ చేతి మీద ఉంది. నేను ఒక్క అడుగు వేశానో లేదో, "ఆగు" అంది రత్నమ్మగారు, నా వైపు చూడకుండానే. నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఆ మనిషి ఒంటి చేత్తో అంత బరువు మోస్తుంటే చూస్తూ నిలబడమంటుందేమిటి అనుకున్నాను. ఖాసింబీ పెదవి కొరుక్కుని, బల్ల అంచు భుజానికి ఎత్తుకుని, కుడి చేత్తో సుత్తి అందుకుని చువ్వ కొసను కొట్టింది. రెండో దెబ్బకు కదిలింది. పై బొక్కలోకి మార్చి, నిటారుగా నిలబడి, చట్రం ఎక్కించి, మేకు కొట్టింది.

నారాయణ శెట్టి లేచి వచ్చాడు. వంగి, ఒక్కొక్క కాలి కిందా వేలు పెట్టి తడిమాడు. పలక ముక్క కోసం. నాలుగు కాళ్ళూ నేలను పట్టుకుని ఉన్నాయి. ఆయన చేతికి అంటిన దుమ్ము దులుపుకుని, గోడతో, "పని తగ్గిందని మాత్రం నా చెవిన పడగూడదు" అని వెళ్ళిపోయాడు. ఖాసింబీ సుత్తి ఆగలేదు. రత్నమ్మగారు లోపలికి వెళ్ళింది. చెంబు ఎత్తి గటగటా నీళ్ళు తాగితే, సగం చీర మీద పడ్డాయి. ఎవరూ చూడలేదనుకుంది.

ఆ తర్వాత మిగతా ఆడవాళ్ళూ తమకు బల్ల కావాలని అడిగారు. అన్నీ ఆ పలక బద్దతోనే చేశాం. తర్వాతెప్పుడు బావగారు వచ్చినా ఆమె తలుపు వెనక్కి పోలేదు. ఆయనే గోడ చూడడం అలవాటు చేసుకున్నాడు. కొన్నేళ్ళకు నేను గిద్దలూరులో సొంత దుకాణం పెట్టుకుంటుంటే, ఆ బద్ద నా చేతికిచ్చి, "చెయ్యి చూసుకుని కొలత వెయ్యద్దు నాయనా" అంది.

చాలా ఏళ్ళ తర్వాత, ఆమెకు నడుం పడిపోయిందని తెలిసి చూడడానికి వెళ్ళాను. మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ముద్ద నోటికి అందించుకోలేక, ఒకరు తినిపిస్తే తినడానికి మనసొప్పక, అన్నం మానేసిందట. నేను కూర్చున్న కాసేపటికి గుమ్మంలో ఏదో ఈడుస్తున్న చప్పుడు. ఖాసింబీ. జుట్టు తెల్లబడింది, కాలు అలాగే బిగిసి ఉంది. రిక్షాలో వేయించుకుని తన బల్ల తెచ్చింది. నేను లేవబోతే చేత్తో వారించింది. కాళ్ళు మంచానికి ఇటూ అటూ వచ్చేటట్టు బల్లను జరిపి, ఒక కొస, తర్వాత ఒక కొస దించుతూ, "ఈ బొక్క చాలునా అక్కా? ఇంకొకటి దించాల్నా?" అని అడుగుతూ, రత్నమ్మగారి మోచేయి ఆనేదాకా తెచ్చింది. కంచం పెట్టింది. పక్కన కూర్చుని వేరే వైపు చూసింది.

రత్నమ్మగారు మోచేయి బల్ల మీద ఆనించి, తన చేత్తో ముద్ద కలుపుకుని, తన నోట్లో తనే పెట్టుకుంది. నమిలి మింగి, నా వైపు చూసి, "ఊగడం లేదు నాయనా" అంది. ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఆ పలక బద్ద ఇప్పటికీ నా దుకాణంలో మేకుకు వేలాడుతోంది. బల్ల కావాలని ఎవరొచ్చినా ముందు కూచోమంటాను, తర్వాత నిలబడమంటాను. ఎక్కడ నొప్పి అని అడుగుతాను. బల్ల కొనడానికి వస్తే డాక్టరులాగా అడుగుతాడేందని నవ్వుతారు. నవ్వనీ. రేపు ఆ బద్ద, బరమా సంచిలో వేసుకుని ఆ ఆన్‌లైన్ సెంటరుకు పోతాను. ముందు ఆ ముక్క లాగేస్తాను.