కొండెక్కిన దీపం, గోడెక్కిన చెక్క

పెళ్లయిన కొత్తలో నాకో గట్టి నమ్మకం ఉండేది, నోట మంచి మాట వస్తే ఇంట్లో మంచే జరుగుతుందని. బడికి పోకుండా ఇంట్లోనే అవ్వ దగ్గర చదువుకున్నదాన్ని. అక్షరాలకంటే ముందు ఆమె నాకు నేర్పింది అశుభం పలకకపోవడం. బియ్యం అయిపోయాయనకూడదు, నిండుకున్నాయనాలి. దీపం ఆరిందనకూడదు, కొండెక్కిందనాలి. (ఈ చదువుతో శామీర్‌పేటలో కాపురం ఎలా నెగ్గుతుందనుకుందో ఆ దేవుడికే తెలియాలి. అయినా నేర్పినందుకు ఆమెకు దండం.)

అత్తగారింట్లో నాదంటూ ఉన్నది ముందుగది గోడలోని దీపపు గూడొక్కటే. దానికి బొమ్మరింటి తలుపంత చిన్న తలుపు, లోపల అవ్వ ఇచ్చిన ఇత్తడి దీపం. మిగతా ఇంట్లో ఎక్కడ కూర్చున్నా "జర జరుగు" అనేవారు. ఆ గూటి ముందు నిలబడితే మాత్రం ఎవరూ జరగమనలేదు. అలా ఉండగా మా అత్తమ్మ పట్నంలో సుచిత్ర సెంటర్ దగ్గరున్న చెల్లెలి ఫ్లాటుకు పోయి, గోడంతా చెక్క పలకలు కొట్టించుకున్న వైభవం చూసి వచ్చింది. "వాళ్లది ఇల్లు. మనది బర్ల కొట్టం లెక్కున్నది," అని అన్నం కూడా సరిగా తినలేదు. ఇంకేముంది, మేడ్చల్ నుంచి వడ్రంగి చాచా దిగాడు. గూడున్నచోట పలకను కోసి కిటికీలా వదులుతానని నాకు మాటిచ్చాడు. మర్యాదస్థుడు, మా దేవుడి తలుపు ముట్టుకోకుండా దూరం నుంచే కొలత తీసుకున్నాడు.

నేను వంటింట్లో పప్పుకు తాలింపు వేస్తుండగా ముందుగది నుంచి కేక వినిపించింది. "బిడ్డా, గూట్లె దీపం ఉన్నదా?"

చెక్కకు నిప్పంటుకుంటుందని భయపడుతున్నాడనుకుని, "కొండెక్కింది చాచా!" అన్నాను.

"అచ్ఛా, ఎక్కిందా? మంచిగైంది!"

మంచి మాట అన్నాడని మనసులో సంతోషించాను కూడా.

సాయంత్రం నూనె గిన్నెతో వస్తే గోడ ఈ చివర నుంచి ఆ చివరకు నున్నగా మెరుస్తోంది. "చాచా, గూడేది?"

"ఏంది బిడ్డా! దీపం కొండెక్కిందని నువ్వే అంటివి గద, కీసర గుట్ట మీది గుడికి పంపినవనుకున్న. ఇగ గూడెందుకని మొత్తం పలక కొట్టేసిన!"

అత్తమ్మ సోఫాలో పడి నవ్వింది. మా ఆయన నవ్వాడు. చాచా ఒక్కడే నవ్వలేదు. "యా అల్లా, గలత్ అయింది. జల్దీ కోసిస్త," అని రంపం అందుకున్నాడు.

"ఆగు, ఆగు," అంది అత్తమ్మ. "గింత సాఫ్‌గ వచ్చినంక నడుమ బొక్క ఎందుకు? దేవుడు అంతట ఉంటడని రోజూ నువ్వే చెప్తవు గద, పిల్లా?"

నిజమే, చెప్పింది నేనే. మా ఆయన వైపు చూశాను. ఆయన పలకను వేలితో తట్టి, "ఫినిషింగ్ మస్తున్నదమ్మా," అన్నాడు తల్లితో. చాచా నా ముఖం చూడలేక రంపం సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

వంటింట్లో ఆవాల డబ్బా పక్కన పూజకు నాకు చోటిచ్చారు. (ఇచ్చినందుకు కృతజ్ఞురాలినే. అక్కడి దేవుడికి ఎప్పుడూ పోపు వాసన, అంతే.) అయినా పొద్దున లేవగానే నా కాళ్లు ముందుగదికే పోతాయి. చెక్క వెనక అవ్వ దీపం ఉన్నచోటు అంచనా వేసుకుని చేతులు జోడిస్తాను. వచ్చిన చుట్టాలు వింతగా చూస్తే అత్తమ్మ గర్వంగా చెబుతుంది. "మా కోడలికి గీ ప్యానెల్ అంటే పానం. లేస్తే దానికే మొక్కుతది!" వాళ్లు నా అభిరుచిని మెచ్చుకుంటారు. అప్పటి కొత్త కోడలైతే లోపలికి పోయి ఏడ్చేది. ఇప్పటి నేను నవ్వి, టీలో చక్కెర సరిపోయిందా అని అడుగుతాను.