చివరి పది నిమిషాలు

మా సోషల్ టీచరుగారు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను గుడివాడ బస్టాండులో ఉన్నాను. బందరులో ఆవిణ్ణి ఆపరేషన్ గదిలోకి పంపి వచ్చి మూడు రోజులు కాలేదు.

ఆవిడ దగ్గర చదువుకున్న ఆడపిల్లలు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు. అడిగి చూడండి, పాఠాలు మరిచిపోయినా ఆ సినిమాని మరిచిపోయి ఉండరు. ఏటా తొమ్మిదో తరగతికి చూపించేవారు. ఎక్కడో పరాయి దేశం, యుద్ధం. పదహారేళ్ల పిల్ల శత్రుసైనికుల కళ్లుగప్పి సైకిల్ మీద రహస్య ఉత్తరాలు చేరవేస్తుంటుంది. టీచరుగారు టీవీ పక్కన నిలబడి ప్రతి మాటా తెలుగులో చెబుతుంటే, ఆ బూట్ల చప్పుడు మా వరండాలోనే వినిపించేది. గుటక మింగడానికి కూడా భయపడేవాళ్లం.

సరిగ్గా ఆ పిల్ల పట్టుబడగానే టీవీ ఆగిపోయేది. "కరెంటు పోయిందర్రా!" అనేవారు. నెత్తిమీద ఫ్యాన్ మాత్రం గిర్రున తిరుగుతూనే ఉండేది!

"తర్వాత ఏమైందండీ?" అని మేం ఎగబడితే, "ఏమవుతుందీ, తప్పించుకుంది. ఏరు దాటేసింది. ఇక పోండి పోండి" అనేవారు.

ధైర్యస్థురాలనుకునేరు, అబ్బే! దివిసీమలో పుట్టి, చిన్నప్పుడే ఊళ్లను ముంచేసిన తుఫాను చూసిన మనిషి. గాలి కాస్త గట్టిగా వీస్తే పాఠం ఆపి కిటికీలన్నీ తనే మూసేవారు. మేం పాలకాయతిప్ప సముద్రానికి వెళ్లినప్పుడు ఒక్కసారీ వెంట రాలేదు. "భయమేస్తే వేసిందని చెప్పండర్రా, సిగ్గేముంది" అనేవారు. ఆ ఒక్క మాట నన్ను ఎన్ని గండాలు దాటించిందో.

పెద్దయ్యాక ఆ సినిమా పూర్తిగా చూశాను. ఆ పిల్ల తప్పించుకోలేదు. నాకు ఒళ్లు మండింది. అన్నేళ్లు మమ్మల్ని ఎందుకు మభ్యపెట్టారని అడుగుదామనుకుంటూనే ఏళ్లు గడిపేశాను.

మొన్న ఆపరేషన్‌కు తీసుకెళ్లే ముందు ఆవిడే అడిగారు.

"ఏమ్మా, ఆ సినిమా చివరిదాకా చూశావా?"

"చూశానండి. మీరు చూడలేదా?"

"నాకంత ధైర్యం ఎక్కడిదే తల్లీ! మీకోసం ఆపేశాననుకున్నావా? ఏమైంది ఆ పిల్ల?"

అలాంటి వేళ ఏం చెప్పాలి? కానీ ఆ కళ్లలోకి చూస్తూ అబద్ధమాడలేకపోయాను.

"చంపేశారండి. ఒక్కరి పేరూ చెప్పలేదు."

"భయపడిందా?"

"చాలా భయపడిందండి. కాళ్లు తేలిపోతుంటే నడవలేకపోయింది."

"అలాగా!" అని ఊపిరి వదిలారు. "అయితే పర్లేదు. ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు."

ఇచ్చాను. తలుపు దాకా వదల్లేదు. ఆవిడ గోళ్ల గాట్లు మధ్యాహ్నం దాకా నా మణికట్టు మీద ఎర్రగా కనిపిస్తూనే ఉన్నాయి.